తుడవకూడని మరకలు

ఆడమ్స్‌టౌన్‌లో నివసించే మన కుటుంబాలకు విమానాల చప్పుడు కొత్త కాదు. పడమట వెస్టన్ విమానాశ్రయం నుండి లేచే చిన్న శిక్షణ విమానాలు మన ఇళ్ల కప్పుల మీదుగా తిరుగుతూనే ఉంటాయి. దక్షిణాన రైలు మార్గాన్నీ, గ్రాండ్ కెనాల్ అనే పాత కాలువనూ, గ్రేంజ్ కాజిల్ పారిశ్రామిక వాటికనూ దాటితే, సరళరేఖలో నాలుగైదు కిలోమీటర్ల దూరాన బాల్డొనెల్ ఉన్నది. ఐర్లండ్ వైమానిక దళానికి అదే ప్రధాన స్థావరం. 1965 నుండి దాని అధికార నామం కేస్‌మెంట్ ఏరోడ్రోమ్. ఆ ప్రాకారం లోపల, ఆ దళం తన పాత విమానాలను భద్రపరచుకున్న ఒక చిన్న మ్యూజియం ఉన్నది. గ్రేంజ్ కాజిల్ ఔషధ కర్మాగారాలలో పనిచేసే మనవారు ప్రతిదినమూ దాని పొరుగునుండే రాకపోకలు సాగిస్తారు. అయినా అటువంటిది ఒకటి ఉన్నదని ఎరిగినవారు బహు తక్కువ.

ఎరుగకపోవడంలో వారి దోషమేమీ లేదు. అది నేటికీ పనిచేస్తున్న సైనిక స్థావరం గనుక, ద్వారం దగ్గర టిక్కెట్టు కొనుక్కొని లోపలికి వెళ్లే వీలులేదు. ముందుగా వ్రాసి అనుమతి పొందాలి. పైగా లండన్‌లోనో వాషింగ్టన్‌లోనో ఉన్న మహా ప్రదర్శనశాలలను చూసివచ్చిన కంటికి ఇది ఆనదు. ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షమని ఎవరైనా పరిహసించవచ్చు కూడా. అయితే ఆ సామెతలోని ఆముదపు చెట్టుకు విమానాల చరిత్రతో పరిహాసానికి మించిన బంధుత్వం ఉన్నది. దానిని మన పిల్లలకు చెప్పాలన్నది ఈ వ్యాసోద్దేశ్యాలలో ఒకటి. రెండవది కొంత వివాదాస్పదం కావచ్చు. పాత విమానాన్ని శుభ్రంగా కడిగి, గీకి, కొత్త రంగు వేసి, తళతళలాడేటట్లు నిలబెట్టడాన్ని సంరక్షణ అనరాదని నా అభిప్రాయం. విమానం ఒక ఆకారం మాత్రమే కాదు, ఒక పదార్థ సముదాయం. ఆకారాన్ని ఎప్పుడైనా మళ్లీ చేసుకోవచ్చు. పదార్థం ఒకసారి పోతే పోయినట్లే.

ముందు ఈ స్థలం సంగతి కొంత చెప్పుకోవాలి. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, 1917-18 సంవత్సరాలలో, బ్రిటిష్ వారు బాల్డొనెల్ విమాన క్షేత్రాన్ని నిర్మించారు. 1922లో అది స్వతంత్ర ఐరిష్ ప్రభుత్వం చేతికి వచ్చింది. కొత్త దళానికి దక్కిన మొట్టమొదటి విమానం కథ ఒక నవలకు సరిపోతుంది. 1921లో మైకేల్ కాలిన్స్ మొదలైన నాయకులు సంధి చర్చలకు లండన్ వెళ్లినప్పుడు, చర్చలు విఫలమైతే కాలిన్స్‌ను తప్పించి స్వదేశం చేర్చడానికని రహస్యంగా ఒక మార్టిన్‌సైడ్ విమానాన్ని కొన్నారు. కెనడాలో అడవుల పరిశీలనకు కొంటున్నట్లు అమ్మేవారిని నమ్మించారట! సంధి కుదిరింది. విమానం అవసరం రాలేదు. 1922 జూన్‌లో అది బాల్డొనెల్ చేరి, 'బిగ్ ఫెలో' అని కాలిన్స్‌కు ఉన్న ముద్దుపేరుతోనే సేవ చేసింది. ఒక దేశపు వైమానిక దళానికి ఆదివిమానం అది. 1930లలో దానిని పాత సామానుగా విరగగొట్టారు. ఈనాడు దాని ఛాయాచిత్రాలు మిగిలినవి. అది మాత్రం లేదు.

ఇదే క్షేత్రం నుండి 1928 ఏప్రిల్ 12 తెల్లవారుజామున 'బ్రెమెన్' అనే యుంకర్స్ విమానం పడమటికి లేచింది. ఇద్దరు జర్మన్లు కోల్, ఫాన్ హ్యూనెఫెల్డ్, వారితోపాటు ఐరిష్ దళాధికారి జేమ్స్ ఫిట్జ్‌మారిస్ అందులో ఉన్నారు. మరునాడు కెనడా తీరాన గ్రీన్లీ ద్వీపంలో దిగారు. ఎదురుగాలికి అభిముఖంగా, తూర్పు నుండి పడమరకు, అట్లాంటిక్‌ను ఎక్కడా ఆగకుండా దాటిన తొలి విమానం అది. ఇప్పుడు అది జర్మనీలో బ్రెమెన్ నగరపు విమానాశ్రయంలో ఉన్నది. 1936 మే 27న ఎయిర్ లింగస్ సంస్థ తొలి ప్రయాణికుల విమానం 'ఇయోలర్' బ్రిస్టల్‌కు బయలుదేరినదీ ఇక్కడి నుండే. ఆ ఇయోలర్ 1941లో సముద్రంపై నాశనమైంది. తరువాత ఆ సంస్థ అదే జాతికి చెందిన మరొక విమానాన్ని సంపాదించి, అదే పేరు పెట్టి ప్రదర్శిస్తున్నది. చూడముచ్చటగానే ఉంటుంది, కాని అది అది కాదు.

ఇక ఆముదం దగ్గరకు వద్దాము. ఐరిష్ దళం తొలినాళ్లలో శిక్షణకు వాడిన ఏవ్రో 504కె వంటి విమానాలలో రోటరీ ఇంజన్లు ఉండేవి. వీటి విచిత్రమేమంటే, ఇరుసు కదలదు. దాని చుట్టూ సిలిండర్లే ప్రొపెల్లర్‌తో కలిసి గిరగిర తిరుగుతాయి. పెట్రోలు-గాలి మిశ్రమం సిలిండర్లకు చేరడానికి ముందు ఇంజను గర్భంలో నుండే ప్రవహించాలి. అక్కడే కందెన నూనె కూడా ఉండాలి. మామూలు ఖనిజ తైలం పెట్రోలులో కరిగి పలచబడిపోతుంది. లోహాన్ని కాపాడవలసిన పొర కొట్టుకొనిపోతుంది. ఈ చిక్కును తీర్చినది ఆముదం.

ఎందువల్ల? మనము వంటకు వాడే నూనెలలోని కొవ్వు ఆమ్లాలు చాలావరకు పొడవాటి హైడ్రోకార్బన్ గొలుసులు. ఆముదంలోని కొవ్వు ఆమ్లాలలో దాదాపు తొమ్మిది వంతులు రిసినోలియిక్ ఆమ్లం. పద్దెనిమిది కార్బన్ల ఆ గొలుసులో పన్నెండవ కార్బన్ మీద ఒక హైడ్రాక్సిల్ సమూహం, అనగా ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్, ఉంటుంది. ఇంత చిన్న తేడా ఎంత పని చేస్తుందో చూడండి. ఆ సమూహాలు పక్కపక్క అణువులను హైడ్రోజన్ బంధాలతో పట్టుకుంటాయి. కనుక ఆముదం ఇతర నూనెల కంటె ఎంతో చిక్కన. వేడెక్కినా లోహాన్ని అంటిపెట్టుకొని ఉంటుంది. పెట్రోలులో సులభంగా కరగదు. మన అమ్మమ్మలు దీపం ప్రమిదలో పోసి, "ఆముదపు దీపం నిదానంగా వెలుగుతుంది" అని చెప్పిన ఆ చిక్కదనమే ఆకాశంలోనూ అక్కరకు వచ్చింది. 1909లో ఒక బ్రిటిష్ నూనెల వర్తకుడు తన కందెనలో ఆముదం కలిపి, కాస్టర్ అనే ఇంగ్లీషు మాట నుండే క్యాస్ట్రాల్ అనే పేరు పెట్టాడు. ఈనాటికీ ఆ డబ్బాలు పెట్రోలు బంకులలో చూస్తూనే ఉన్నాము.

రోటరీ ఇంజనులో పోసిన నూనె తిరిగి తొట్టిలోకి రాదు. గంటకు కొన్ని లీటర్ల చొప్పున ఆవిరిగా, తుంపరగా బయటికి పోతుంది. అది వెనుక కూర్చున్న పైలట్ ముఖం మీద, మెడకు చుట్టుకున్న పట్టు గుడ్డ మీద, ముక్కులో, నోటిలో పడుతుంది. మన చిన్నతనంలో బలవంతంగా ఆముదం పట్టించినవారికి ఆ పైలట్ల ఉదర బాధలు వేరే వర్ణించనక్కరలేదు. ఆముదం తాగిన ముఖమని మనం ఉపమానంగా అనే మాట వారికి ప్రత్యక్షానుభవం.

ఈ నూనె ఎక్కడిది? ఆ కాలంలో ప్రపంచానికి ఆముదపు గింజలను సరఫరా చేసిన ముఖ్య దేశం భారతదేశం. హైదరాబాద్ సంస్థానంలోనూ, నాటి మద్రాసు రాష్ట్రంలోని తెలుగు జిల్లాలలోనూ అది ప్రధానమైన మెట్ట పంట. మహబూబ్‌నగర్, నల్లగొండ ప్రాంతపు ఎర్రచెలకలలో, వాన సరిగా పడని ఏట కూడా చేతికి వచ్చే పంట. యుద్ధం తీవ్రమైనప్పుడు అమెరికా సైన్యం విమానాల నూనె కోసమే భారతదేశం నుండి విత్తనాలు తెప్పించి తమ రైతుల చేత పండించింది. ఏ విమానంలో కాలిన ఏ చుక్క ఏ ఊరి చేనిదో ఎవరూ చెప్పలేరు. కాని ఆ యుద్ధ గగనంలో మన మెట్ట రైతు కష్టం కూడా పొగలై తేలిందని చెప్పడం అతిశయోక్తి కాదు.

అదే విమానపు రెక్కలు ఎవరివి? ఐర్లండ్‌వి. ఆనాటి బ్రిటిష్ విమానాల చెక్క చట్రాలపై కప్పిన బట్ట ప్రధానంగా ఐరిష్ లినెన్, అనగా అవిసె నారతో నేసిన బట్ట. అల్‌స్టర్ ప్రాంతపు మిల్లులు దానిని వేల గజాలుగా నేసి ఇచ్చాయి. ఇది పత్తి బట్ట కంటె బలమైనది, సులభంగా చిరగదు. యుద్ధం చివరలో అవిసెకు కరవు వచ్చి పత్తివైపు తిరిగినా, మొదటి మర్యాద లినెన్‌దే. ఆ బట్టపై సెల్యులోజ్ ఎసిటేట్ లేక నైట్రేట్ ద్రావణాన్ని పూస్తే, ద్రావణి ఆవిరైపోగా బట్ట బిగుసుకొని మృదంగం మూతలాగా మోగుతుంది. ఈ పూతకు 'డోప్' అని పేరు. తొలి పూతలలో టెట్రాక్లోరోఈథేన్ అనే ద్రావణి ఉండేది. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. 1914లో లండన్ దగ్గర హెండన్‌లోని కర్మాగారపు పనివారికి కామెర్లు వచ్చాయి; కొందరు మరణించారు. యుద్ధం ముగియకముందే ఆ ద్రావణిని మానివేశారు. నేడు ప్రయోగశాలలలో ద్రావణుల భద్రతా నియమాలు చదివి విసుగుకొనే మన యువ రసాయనికులు ఆ అజ్ఞాత కార్మికులను ఒకసారి తలచుకోవాలి.

కనుక, ఆ తరం విమానం ఒకటి ఎదురుగా నిలిస్తే, అందులో ఐర్లండ్ అవిసె చేనూ, తెలంగాణ ఆముదపు చేనూ కలిసి ఉన్నవన్నమాట. మనము ఇక్కడికి రాకముందే మన పంట ఇక్కడికి వచ్చింది. మన పిల్లలను బడిలో "మీరు ఎక్కడివారు?" అని అడిగినప్పుడు చెప్పుకోవడానికి ఇంతకంటె మంచి సమాధానం నాకు తోచదు.

బాల్డొనెల్ మ్యూజియంలో ఆ మొదటి యుద్ధ కాలపు విమానాలు లేవు. 'బిగ్ ఫెలో' గతే చాలావాటికి పట్టింది. అక్కడున్న వాటిలో పాతకాలపు సొగసు గలది ఏవ్రో కేడెట్ అనే రెండు రెక్కల శిక్షణ విమానం. 1930లలో ఐరిష్ దళం వాడి అమ్మివేయగా, అది భూగోళానికి అవతలి వైపు న్యూజిలాండ్ చేరి, 2007లో తిరిగి స్వదేశానికి వచ్చింది. తక్కినవి యుద్ధానంతర కాలానివి: చిప్‌మంక్, ప్రొవోస్ట్, ఫ్రెంచివారి ఫూగా మాజిస్టర్, వాంపైర్. ఈ చివరిదాని దగ్గర కొంచెము ఆగాలి.

డి హావిలండ్ వాంపైర్ 1956లో ఐరిష్ దళంలో చేరిన తొలి జెట్ విమానం; 1976 వరకు పనిచేసింది. భారత వైమానిక దళానికి కూడా ఇదే తొలి జెట్, 1948లోనే వచ్చింది. తరువాత బెంగళూరులోని హిందుస్తాన్ విమాన కర్మాగారం వీటిని స్వయంగా తయారుచేసింది. ఇద్దరు కూర్చునే శిక్షణ వాంపైర్లు హైదరాబాద్ దగ్గర హకీంపేటలో ఎన్నో సంవత్సరాలు ఎగిరాయి. జెట్ అనగానే మనకు లోహం స్ఫురిస్తుంది. కాని వాంపైర్ రెక్కలూ తోకా లోహమే అయినా, పైలట్లు కూర్చునే ముందు భాగం చెక్క! పలుచని ప్లైవుడ్ రెండు పొరలు, నడుమ బెండులాగా తేలికైన బాల్సా చెక్క, వాటిని పట్టి ఉంచే కృత్రిమ రెజిన్ జిగురు.

వేసవిలో మా ఇంటికి వచ్చిన బాబాయి గారిని నేను అక్కడికి తీసుకొని వెళ్లాను. వారు హకీంపేటలో వాంపైర్లకు మరమ్మతులు చేసిన పాత టెక్నీషియన్. ఎనభై దాటిన వయస్సు. చూపిస్తున్న అధికారి అనుమతి అడిగి, ముక్కు దగ్గర వేలి కణుపుతో మెల్లగా తట్టి, చెవి ఒగ్గి విన్నారు. "వానాకాలం పోయిన తరువాత ఇక్కడిక్కడ తట్టి చూసేవాళ్లంరా. గట్టిగా మోగితే సరే. డొల్లగా మోగిందా, లోపల జిగురు విడిచిందన్న మాట" అన్నారు. ఆ అధికారి తన జేబు పుస్తకం తీసి ఆ చోట్లను వ్రాసుకున్నాడు. మా బాబాయి గారు ఇంగ్లీషులో రెండు మాటలు, చేతి సైగలతో పది మాటలు చెప్పారు. నలభై నిమిషాలు గడిచాయి.

జిగురు విషయంలో భారతదేశపు వాతావరణం ఎంత కఠిన పరీక్షో లోకానికి తెలిసినది 1944లో. అదే కంపెనీ చేసిన చెక్క బాంబర్లు, మస్కిటో విమానాలు, భారతదేశంలో కొన్ని గాలిలోనే విరిగిపోయాయి. అక్కడున్న వాటన్నిటినీ నేలమీద నిలిపివేశారు. మొదట వేడికీ తేమకూ జిగురు చెడిందనుకున్నారు. విచారణలో అతుకుల పనితనంలోనే లోపాలు బయటపడ్డాయి. ఈ నిర్ణయం ఎలా వచ్చింది? విరిగిన ముక్కలు ఉన్నవి గనుక, వాటి అతుకులు విప్పి చూడగలిగారు గనుక వచ్చింది. ముక్కలను ఎవరైనా శుభ్రం చేసి రంగు వేసి ఉంటే, జిగురుకే శాశ్వతంగా నింద మిగిలేది.

నా వాదం ఇదే. పాత ఇంజను మీద గోధుమ రంగులో గట్టిపడి, వార్నిష్‌లాగా మెరిసే మరక కనిపిస్తుంది. ఉత్సాహవంతుడైన కార్యకర్త దానిని మురికి అని ద్రావణితో తుడిచివేస్తాడు. అది మురికి కాదు. ఆముదాన్ని బాగా వేడిచేస్తే అందులోని హైడ్రాక్సిల్ సమూహం ఒక నీటి అణువుగా విడిపోయి, మరొక ద్విబంధం ఏర్పడుతుంది. అటువంటి నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పొరలాగా గట్టిపడుతుంది. గోరు కొనంత గీకి, మిథైల్ ఎస్టర్లుగా మార్చి, గ్యాస్ క్రొమటోగ్రఫీ-మాస్ స్పెక్ట్రోమెట్రీ యంత్రంలో పెడితే, మార్పు చెందక మిగిలిన రిసినోలియిక్ ఆమ్లం వంద సంవత్సరాల తరువాత కూడా తన సంతకం చూపిస్తుంది. గ్రేంజ్ కాజిల్ చుట్టుపక్కల ఆ యంత్రాలతో నిత్యం పనిచేసే తెలుగువారు ఉన్నారు! బట్ట మీద డోప్ ఎసిటేటా, నైట్రేటా అన్నది ఒక పరారుణ వర్ణపటం పది నిమిషాలలో చెబుతుంది. దీనికి తగిన జాగ్రత్త కూడా వేరు. నైట్రేట్ కాలక్రమాన ఆమ్ల వాయువులను విడిచి తన్ను తానే తినివేసుకుంటుంది. మండే స్వభావం కలది. ఎసిటేట్ వెనిగర్ వాసనతో చెడుతుంది. పాత గడియారపు ముఖాలమీద చీకటిలో వెలగడానికి పూసిన రేడియం సంగతి మరొకటి. వెలుగునిచ్చే జింక్ సల్ఫైడ్ ఏనాడో అలసిపోయింది. రేడియం మాత్రం అలసిపోదు, దాని అర్ధాయువు 1600 సంవత్సరాలు. వెలగడం లేదు గనుక ప్రమాదం లేదనుకోవడం పెద్ద పొరపాటు.

కొత్త రంగు వేయనిదే పిల్లలు ఆకర్షితులు కారని కొందరంటారు. అందులో కొంత నిజమున్నది. అందుకు నమూనాలు ఉన్నవి. 'ది బ్లూ మ్యాక్స్' అనే 1966 నాటి సినిమా కోసం మొదటి యుద్ధపు జర్మన్ విమానాల నమూనాలను కొత్తగా చేయించి, ఇక్కడే బాల్డొనెల్, వెస్టన్ ప్రాంతాలలో ఎగురవేశారు. ఐరిష్ దళపు పైలట్లే చాలామంది నడిపారు. నమూనాలకు ఎన్నిసార్లయినా రంగులు వేయండి, ఎగురవేయండి, పిల్లలను ఎక్కించండి. అసలుదాని జోలికి పోకండి.

అసలుది ఒక్కటే మిగిలినప్పుడు దాని విలువ ఏమిటో చెప్పడానికి మన హైదరాబాద్ విమానాన్ని మించిన ఉదాహరణ లేదు. నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన ధనంతో బ్రిటిష్ వైమానిక దళపు 110వ స్క్వాడ్రన్‌కు డి.హెచ్.9ఎ బాంబర్లు సమకూరాయి. అందుకే దానికి 'హైదరాబాద్ స్క్వాడ్రన్' అని పేరు. ఒక్కొక్క విమానం మీద నిజాం కానుక అన్న అక్షరాలు ఉండేవి. ధనం నిజాందే అయినా, ఖజానా నింపినది శిస్తు కట్టిన తెలుగు, మరాఠీ, కన్నడ రైతులు. ఆ విమానాలలో ఒకటి, ఎఫ్1010 సంఖ్య గలది, 1918 అక్టోబర్ 5న జర్మనీపై దాడికి వెళ్లి శత్రువుల చేతికి చిక్కింది. బెర్లిన్‌లో ప్రదర్శనకు పెట్టారు. రెండవ యుద్ధంలో బాంబుల భయంతో తూర్పుకు తరలించారు. చివరకు పోలండ్‌లో క్రాకోవ్ నగరపు పాత వైమానిక స్థావరంలోని మ్యూజియం చేరి, 1977లో అక్కడి నుండి లండన్ హెండన్‌లోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియానికి వచ్చింది. శత్రువు చేతిలో పడినందువల్లనే అది మిగలడం విధి చమత్కారం. రెక్కలు కొత్తగా చేయవలసి వచ్చింది. దేహం మాత్రం అదే. లండన్ వెళ్లే మన కుటుంబాలు మైనపు బొమ్మల ముందు వరుసలో నిలబడే సమయంలో సగం దీనికి ఇస్తే చాలు.

మన రాష్ట్రాల సంగతి చెప్పకుండా ఇక్కడివారికి నీతులు చెప్పడం సభ్యత కాదు. విశాఖపట్టణంలో రామకృష్ణా బీచి దారిలో, నౌకాదళపు టి.యు.142 విమానం 2017 డిసెంబర్ నుండి మ్యూజియంగా ఉన్నది. ఇరవైతొమ్మిది సంవత్సరాలలో ముప్పైవేల గంటలు ప్రమాదం లేకుండా ఎగిరిన యంత్రమది. దానిని తుక్కుకు పంపకుండా ప్రజలకు చూపించడం మెచ్చదగిన పని. కాని దానిపై కప్పు లేదు, ఎదురుగా సముద్రం. అల్యూమినియం గాలిలో తనకు తాను కొన్ని నానోమీటర్ల మందమున్న ఆక్సైడ్ కవచం కప్పుకుంటుంది. ఉప్పులోని క్లోరైడ్ అయాన్లు ఆ కవచాన్ని బలహీనమైన చోట ఛేదించి గుంటలు చేస్తాయి. విమానాలకు వాడే బలమైన మిశ్రమ లోహాలలో రాగి ఉంటుంది. 1900ల తొలి దశాబ్దంలో ఆల్‌ఫ్రెడ్ విల్మ్ కనుగొన్న డ్యురాల్యూమిన్ నుండి వస్తున్న బలరహస్యం అది. 'బ్రెమెన్' ముడతల రేకు కూడా ఆ జాతిదే. అదే రాగి, తడి ఉప్పు తగిలినప్పుడు, పక్కనున్న అల్యూమినియంను తినివేసే చిన్న చిన్న బ్యాటరీలను సృష్టిస్తుంది. పైపై రంగు దీనిని దాచగలదు గాని ఆపలేదు. రివెట్ల సందులలో అది సాగుతూనే ఉంటుంది. పెద్ద విమానాన్ని పెద్ద దారిలో నిలిపినవారు, ఒక పెద్ద కప్పును కూడా నిలపాలని అడగడం అత్యాశ కాదు. ప్రవాసుల సంఘాలు స్వదేశంలో స్వాగత తోరణాలకు ఇచ్చే విరాళాలను ఇటు మళ్లించవచ్చునని కూడా నా మనవి.

ప్రకాశం జిల్లా దొనకొండలో రెండవ ప్రపంచ యుద్ధ కాలపు విమాన క్షేత్రం నిరుపయోగంగా పడి ఉన్నది. పూర్వపు వైమానిక స్థావరంలో చిన్న మ్యూజియం అన్న మాటకు మన నేలమీద అంతకంటె తగిన చోటు లేదు. అక్కడ పెద్ద విమానం అక్కరలేదు. ఒక గది, ఆరిన గాలి, ఒక ఇంజను, ఒక గజం డోప్ పూసిన బట్ట, ఒక సీసా ఆముదం, ఆ క్షేత్రం కట్టడానికి రాళ్లు మోసిన పరిసర గ్రామాల వృద్ధుల కుటుంబాలు చెప్పే మాటలు. ఖర్చు ఒక పెళ్లి భోజనాలంత కాదు.

ఇక్కడ, ఈ సంవత్సరం, చేయదగిన పనులు రెండున్నవి. పది పన్నెండు కుటుంబాలు కలిసి బాల్డొనెల్‌కు ముందుగా వ్రాసి, అనుమతి తీసుకొని, పిల్లలతో వెళ్లి రావడం మొదటిది. అధికారులు తీరిక చేసుకొని చూపిస్తారు, పిల్లలను అడగనివ్వండి. రెండవది ఇంకా తొందరైనది. వేసవిలో వచ్చే మన పెద్దలలో బేగంపేటలో, హకీంపేటలో, బెంగళూరు కర్మాగారంలో పనిచేసినవారు ఉన్నారు. ఎక్కడ తట్టి వినాలో వారికి తెలుసు. ఏ పుస్తకంలోనూ అది లేదు. ఒక ఆదివారం వారిని కూర్చోబెట్టి, తెలుగులోనే, ధ్వనిముద్రణ చేయండి. వారి సర్వీసు పుస్తకాలు, ఛాయాచిత్రాలు ఇంటిలో ఉంటే లామినేషన్ చేయించకండి. ఆ వేడీ ఆ ప్లాస్టిక్కూ మళ్లీ విడదీయడానికి రావు. పి.వి.సి. సంచులలో పెట్టకండి, అది పాతబడేకొద్దీ హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని విడుస్తుంది. పాలియెస్టర్ కవర్లు గాని, ఆమ్లం లేని కాగితం గాని వాడండి. పేరు, సంవత్సరం, స్థావరం మెత్తని పెన్సిలుతో బొమ్మ వెనుకవైపు, అంచున వ్రాయండి. మీద ఎక్కడైనా నూనె మరక ఉంటే, దానిని అలాగే ఉండనివ్వండి.